అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని జగిత్యాలకు

సిరిసిల్ల: కదలక ముందే

యాత్రలు చేసి రాసేవాళ్లు పాస్‌పోర్టు దగ్గర మొదలుపెడతారు. నాకు పాస్‌పోర్టు లేదు. సిరిసిల్ల నుంచి కోరుట్లకు, అక్కడి నుంచి జగిత్యాలకు పోవడానికి దాన్ని ఎవరూ అడగరు కూడా. తిరిగొచ్చి ఇది రాస్తుంటే మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి, "జగిత్యాల పోయచ్చినోడు గూడ పుస్తకం రాస్తడా?" అంది. కాశీకి పోయినవాళ్లు చాలామంది రాశారు, జగిత్యాలకు పోయినవాడు ఒక్కడైనా రాయాలి కదా అన్నాను. ఆమె వంటింట్లోకి పోయింది.

నాకు మా ఊళ్లో పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. ఎన్ని ఉన్నాయంటే ఒక లెక్క, ఎన్ని నడుస్తున్నాయంటే ఇంకో లెక్క. ఎవరడిగినా మొదటిదే చెప్తాను. ఈ అలవాటు వల్ల పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీ దొరుకుతుంది, చందాల పుస్తకం కూడా ముందు నా దగ్గరికే వస్తుంది.

ఈ ప్రయాణానికి కారణం కోరుట్లలో ఉండే మా అక్క లచ్చవ్వ. పెళ్లయిన ఆడబిడ్డకు కొన్నేళ్లకోసారి పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి, చీర పెట్టడం మా దగ్గరి ఆనవాయితీ. దాన్నే ఒడిబియ్యం అంటాం. అమ్మానాయన లేరు కాబట్టి ఆ పని నాది. అక్క ఫోన్ చేసి, "ఈసారి చీర నువ్వు తేకు. నన్ను జగిత్యాలకు తోల్కపో, నేనే సూసుకుంట" అంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఇది కావాలని అడగడం అదే మొదటిసారి. నేను వెంటనే, "ఏది కావాలంటే అది తీసుకోవే" అనేశాను. మాటకు ఖర్చేముంది.

జగిత్యాల అనగానే నాలోని యాత్రికుడు నిద్రలేచాడు. ఆ ఊరి పాత వీధి గురించి ఫోన్‌లో ఒక వీడియో చూసి ఉన్నాను. ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని చెప్పే కోట, నడిబొడ్డున గడియారం టవరు, కమానుల మేడలు, వాటి కింద కొత్త షోరూములు. మా బావమరిది దుబాయి నుంచి వచ్చిన ప్రతిసారీ నన్ను కూర్చోబెట్టి ఎత్తైన మేడల కథలు చెప్తాడు. ఈసారి నేను చెప్పాలనుకున్నాను. టోపీ కొన్నాను. నల్లద్దాలు కొన్నాను. వాటికి డబ్బా లేకపోతే చత్వారం అద్దాలు తీసి బల్లమీద పెట్టి, ఆ డబ్బాలో ఇవి పెట్టుకున్నాను. తర్వాత జరిగిన దానికి ఇక్కడే పునాది పడింది.

చొక్కా జేబులో అగ్గిపెట్టె ఎప్పుడూ ఉంటుంది. నేను బీడీ తాగను. మా నూలు దుకాణాల్లో బేరానికి ముందు ఒక పోగు పీకి కాల్చి చూడటం అలవాటు. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన, పాలిస్టరైతే కరిగి చివర చిన్న పూసలా గడ్డకడుతుంది. నాయన జేబులో ఉండేది, నా జేబులో ఉంది.

వేములవాడ మీదుగా

బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, మాకు ఉంది. అందువల్ల టికెట్ కొన్నవాళ్లమంతా నిలబడ్డాం, కొననివాళ్లు కూర్చున్నారు. వేములవాడలో రాజన్న దర్శనం చేసుకున్న జనం ఎక్కాక, నేను నిలబడ్డానో వేలాడానో నాకే తెలియలేదు. గుండు కొట్టించుకున్న మనవణ్ణి ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ ఒకామె నా టోపీ వంక చాలాసేపు చూసింది.

"ఎటు వోతున్నవు కొడుకా, గిన్ని సంచులేసుకొని?"

"యాత్రకమ్మా."

"రాజన్నను సూసినవా?"

"లేదు. జగిత్యాల పోతున్న."

"జగిత్యాలల ఏ దేవుడున్నడు?"

పాత కట్టడాలున్నాయని, కమానులున్నాయని వివరించాను. ఆమె శ్రద్ధగా విని, "ధర్మపురి వోరాదు, గోదాట్ల తానం జేస్తే పుణ్యమన్న ఉంటది. గోడలు సూస్తె ఏమస్తది?" అని, నా మీద జాలిపడి లడ్డూ ప్రసాదం సగం విరిచి ఇచ్చింది. పైన కడ్డీ పట్టుకున్న చేత్తో అందుకోబోయి అది టోపీ అంచు మడతలో పడేసుకున్నాను. కోరుట్లలో దిగాక తీసి తిన్నాను. బాగుంది.

కోరుట్ల

అక్క వాకిట్లో చాటలో బీడీలు చుడుతూ కనబడింది. నన్ను చూడగానే మొదటి మాట, "ఏందిరా గా టోపి? ఎండదెబ్బ తాకిందా?"

యాభై అరవై కిలోమీటర్లకే లోకం ఎంత మారుతుందో రాయాలి. మా వీధిలో పొద్దున్న లేస్తే మగ్గాల చప్పుడు. కోరుట్లలో అక్కవాళ్ల వీధిలో ఏ చప్పుడూ లేదు, కత్తెరతో తునికాకు కోసే చప్పుడు తప్ప. మా ఇళ్లలో బీరువా తీస్తే నూలు వాసన. వీళ్ల బీరువా తీస్తే గల్ఫ్ అత్తరు వాసన, పైన పులిబొమ్మ దుప్పటి. మా బావ మస్కట్‌లో పనిచేసి వచ్చినవాడే. ఆయన తెచ్చిన దుప్పటి ఇంకా కవరు విప్పకుండా ఉంది. మా ఇంట్లో అక్క కాల్చే బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి, మందంగా ఉండేది, అత్తగారింటికొచ్చాక పలచబడింది. పచ్చిపులుసు మాత్రం మా అమ్మదే. రెండు సర్వపిండ్లు చాలన్నాను, నాలుగు తిన్నాను.

తినేటప్పుడు అసలు విషయం బయటపడింది. అక్క తోడికోడలు భూదవ్వది పక్క వాకిలే. పోయిన నెల ఆమెకు వాళ్ల అన్న ఒడిబియ్యం పోసి పట్టుచీర పెట్టాడు. వీధి వీధంతా వచ్చి ఆ చీర కొంగు పట్టి చూసి పోయింది. పోతూ పోతూ ఒకామె, "లచ్చవ్వకేం, తమ్ముడు మగ్గాలోడాయె. ఇంట్ల ఉన్నదే పెడ్తడు" అందట. ఇన్నేళ్లు నేను పెట్టింది నిజంగా మా ఇంట్లో ఉన్నదే. గొప్పగా నేసిన చీరే పెట్టాననుకున్నాను.

"నాకు పెద్దదేం వద్దు తమ్మీ," అంది అక్క. "కొన్న చీర గావాలె, అంతే. చిలకపచ్చ, ఎర్రంచు. చిన్నప్పటిసంది నాకు గదే ఇష్టం. మంది సూస్తె, తల దించుకోకుండ ఉండాలె."

ఆమె చిన్నప్పుడు మా ఇంట్లో చేతిమగ్గం ఉండేది. నాయన నేసేవాడు, అక్క కండెలు చుట్టేది. చిలకపచ్చ నూలు ఎంత చుట్టిందో తెలియదు. ఆ చీరలన్నీ ఎవరో కట్టుకున్నారు.

"ఒక్క చీరేంది, షోరూం మొత్తం చూపిస్త" అన్నాను. అక్క నవ్వలేదు. నా కంచంలో ఇంకొంచెం పులుసు పోసింది.

జగిత్యాల: గడియారం కింద

రెండోరోజు పొద్దున జగిత్యాలలో దిగి టవర్ దగ్గరికి నడిచాం. దిగగానే నల్లద్దాలు పెట్టుకున్నాను. ఎండకు బాగానే ఉన్నాయి, బోర్డులు మాత్రం ఒక్కటీ చదవలేకపోయాను.

ఈ వీధిని చూడాలంటే తల పైకెత్తాలి. కింద అంతా కొత్త లోకం. మొబైల్ దుకాణాలు, గాజు తలుపుల బంగారం కొట్లు, చెప్పుల షాపులు, బొమ్మలకు కట్టిన చీరలు. ఫ్లెక్సీ బోర్డు అంచు దాటి పైకి చూస్తే కమాను, కొయ్య బాల్కనీ, పెచ్చులూడిన సున్నం, అందులో పావురాలు. కింద తగ్గింపు ధరల మైకు అరుస్తుంటే పైన రెక్కలు విరిగిన నిజాంనాటి కిటికీ ఏమీ పట్టనట్టు ఉంటుంది. నాకు భలే నచ్చింది. ఒక పెద్ద షోరూం ముందు ఆగి, తెల్లటి స్తంభాల మీద నిలిచిన కమానును చేత్తో చూపిస్తూ అక్కకు చెప్పడం మొదలుపెట్టాను.

"ఇది చూసినవా? ఫ్రెంచోళ్ల పనితనం. ఖిల్లా కట్టినోళ్లే కట్టి ఉంటరు. సిమెంటు లేని కాలం. బెల్లం, కోడిగుడ్లు కలిపి సున్నం గానుగ పట్టి..."

పక్కన గడియారాలు బాగుచేసే డబ్బా కొట్టు ఉంది. అందులోని ముసలాయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి నన్ను చూశాడు.

"భాయ్, అది పోయినేడు కట్టిండ్రు. లోపట థర్మకోల్, మీద సిమెంట్. నా ముంగటనే అతికిచ్చిండ్రు."

నేను తగ్గలేదు. "మరి అసలు పాత కట్టడం ఏది?"

"నువ్వు ఒరిగి నిలబడ్డవు సూడు, గదే."

వెనక్కి తిరిగాను. నా వీపు నిండా సున్నం. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకుని నవ్వింది. ముసలాయన బ్రష్షు ఇచ్చాడు. అక్కే నా వీపు దులిపింది, దులుపుతూ మళ్లీ నవ్వింది. టవర్ మీది గడియారం సరిగా నడుస్తుందా అని మాట మార్చడానికి అడిగాను. "నడిచినప్పుడు నడుస్తది," అన్నాడాయన, "మనిషి తీర్గనే."

గోడల విషయంలో పోయిన పరువు బట్టల విషయంలో తెచ్చుకుందామనుకుని అక్కను ఆ తెల్ల స్తంభాల షోరూంలోకే తీసుకుపోయాను.

చల్లటి దుకాణం

తలుపు తీస్తే చలి. చేతులు జోడించి ఒక అమ్మాయి, పళ్లెంలో రస్నా పట్టుకుని ఇంకొకామె. తెల్లటి పరుపు మీద కూర్చోమన్నారు. అక్క చెప్పులు బయటే విడిచి వచ్చింది. అక్కర్లేదమ్మా అని చెప్పినా వినలేదు.

అమ్మాయి ఒక్కో చీరా విప్పి ఎగరేసినట్టు పరిచింది. అక్క తొందరపడలేదు. ఒకదాని అంచు రాసి చూసింది, ఒకదాన్ని మడిచి పక్కన పెట్టించింది, మళ్లీ తీయించింది. ఇంత పెత్తనంగా ఆమె కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. చివరికి ఒక చిలకపచ్చ చీర వచ్చింది, దానిమ్మగింజ రంగు అంచుతో. అక్క దాన్ని భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. పక్కనున్న ఎవరో ఆడమనిషి, "బాగున్నది అత్తమ్మా, పట్టా?" అంది. అక్క కొంగు సర్దుకుంది. చిన్నగా నవ్వింది.

అక్కడితో ఆగి డబ్బులు కట్టొస్తే నా యాత్ర సుఖంగా ముగిసేది. కానీ నేను సిరిసిల్లవాణ్ణి. "పట్టు లెక్కనే ఉంటది అంకుల్" అని అమ్మాయి అన్న మాటలో నాకు మోసం వాసన వచ్చింది. లెక్కనే ఉండటమేమిటి, పట్టో కాదో చెప్పాలి కదా. అక్కను ఎవరూ మోసం చేయకూడదు, నేనుండగా అసలే చేయకూడదు. కొంగు చివరి కుచ్చులో నుంచి రెండు పోగులు పీకాను. అగ్గిపుల్ల గీశాను.

మా ఊళ్లో ఇది చూసి ఎవరూ తలైనా ఎత్తరు. ఇక్కడ అమ్మాయి గేటు వైపు తిరిగి "అన్నా, మంట!" అని కేక పెట్టింది. గేటు దగ్గరి కాపలామనిషి గోడకున్న ఎర్ర సిలిండరు ఊడబీకి పరుగెత్తుకొచ్చాడు. అదృష్టం బాగుండి దాని పిన్ను ఎలా తీయాలో ఆయనకు తెలియలేదు. ఈలోగా పోగులు కరిగి చివర నల్లటి పూస కట్టాయి. ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కుంటే పుల్ల కొంగుకు తగిలి, ఆవగింజంత మచ్చ పడింది.

"ఇది పట్టు కాదు!" అన్నాను, గెలిచినవాడిలా. షోరూమంతా వినబడింది.

మేనేజరు వచ్చాడు. పెద్దమనిషి, కోపం తెచ్చుకోలేదు. చీరకు కట్టిన చీటీ నా కళ్ల ముందు పెట్టాడు. నల్లద్దాలు తీసి, దూరం జరిపి, కళ్లు చికిలించి చూశాను. ఏమీ కనబడలేదు. ఆయనే చదివాడు. "ఆర్ట్ సిల్క్ అని రాసే ఉన్నది సార్, అంటే పట్టు కాదనే. చదివితే అయిపోవు, కాలబెట్టుడెందుకు?"

చుట్టూ నవ్వు. ఇందాకటి ఆడమనిషి పక్కావిడతో, "పట్టు కాదట" అంది. అక్క భుజం మీది చీర మెల్లగా తీసి, మడత పెట్టి, పరుపు మీద పెట్టింది. బయటికి పోయి చెప్పులు తొడుక్కుంది.

ఖిల్లా దగ్గర

ఆటోలో ఖిల్లా దాకా అక్క బయటికే చూస్తూ కూర్చుంది. ఆ కోట చాలా గొప్పది, చుట్టూ కందకం, నక్షత్రంలా మూలలు. దాని గురించి నేను ఒక పేజీ రాద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏమీ చూడలేదు. కందకం గట్టు మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు కొన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు, మా ఊళ్లో ఇరవైకే ఇస్తారు. ఆ సంగతి అక్కకు చెప్పబోయి ఆగిపోయాను.

"అక్కా, వాళ్లు మోసం చేస్తున్నరేమో అనుకున్న."

"ఎవలు మోసం జేసిండ్రురా? చేత వట్టంగనే నాకు తెల్వదా అది పట్టో కాదో? నీ కంటె ముంగట కండెలు చుట్టిన నేను."

"తెలిసి ఎందుకు తీసుకున్నవ్?"

అక్క బజ్జీ తుంచి, తినకుండా చేతిలోనే పట్టుకుంది.

"నీ మగ్గాలు ఎన్ని నడుస్తున్నయో నాకు తెల్వదనుకున్నవా? ఏది గావాలంటె అది తీసుకోమంటవు. తీసుకుంటె యాడికెల్లి తెస్తవు? రంగు నచ్చింది. సూసేటోళ్లకు పట్టు లెక్క గొడ్తది. నా మాట నిలవడ్తది, నీ మీద బరువు వడది అనుకున్న. నువ్వేమో అగ్గివెట్టి ఊరంత సాటింపు జేస్తివి."

నాకు ఏడుపొచ్చింది. నల్లద్దాలు అప్పుడు పనికొచ్చాయి.

"పద, అసలు పట్టే కొంటా" అన్నాను.

"అసలుది కొన్నవో, నీ గడప మళ్ల తొక్కను. చిలకపచ్చదైతె కట్టుకుంట. లేకపోతె వద్దు."

"మరి రా, పోదాం."

"నేను రాను. నా మానం ఆడ్నే పోయింది. నువ్వు పో."

మళ్లీ అదే తలుపు

నా జీవితంలో చేసిన అసలైన సాహసయాత్ర ఆటో దిగి ఆ షోరూం మెట్లెక్కడం. డబ్బా కొట్టు ముసలాయన చూసి చేయెత్తాడు. కాపలామనిషి నా జేబు వంక చూసి చేయి చాపాడు. అగ్గిపెట్టె ఆయన చేతిలో పెట్టాను. రస్నా ఈసారి ఇవ్వలేదు.

చేతులు కట్టుకుని మేనేజరును క్షమించమని అడిగాను. ఆయన అమ్మాయిని పిలిచాడు. చీర అప్పటికే పక్కన పెట్టి ఉంది. "పెద్దమ్మ మస్తు ఇష్టపడ్డది గద అంకుల్, మళ్ల వస్తరనుకున్న" అంది ఆ అమ్మాయి. ఆ రంగులో అదొక్కటే ఉంది. మచ్చ నాదే కాబట్టి తగ్గించమని అడగలేదు. ఎంతకు కొన్నానో ఇక్కడ రాయను, ఇది మా ఆవిడ చదువుతుంది. అగ్గిపెట్టె తిరిగి తీసుకోవడం మర్చిపోయాను.

కోరుట్ల, ఒడిబియ్యం

మూడోరోజు పొద్దున మా ఆవిడ బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు, తమలపాకులు సర్దుకుని బస్సులో వచ్చింది, సీటులో కూర్చుని. అక్కకు కాళ్లకు పసుపు రాసి, కొత్త చీర కట్టించి పీట మీద కూర్చోబెట్టారు. చిలకపచ్చ రంగు ఆమె ఒంటి మీద ఎంత బాగుందో చెప్పడం నాకు చేతకాదు. బియ్యం దోసిళ్లతో పోస్తుంటే నా కళ్లు మాత్రం కొంగు మీదనే ఉన్నాయి. మచ్చను అక్క లోపలి మడతలో దోపుకుంటుందనుకున్నాను. దోపుకోలేదు.

వీధి ఆడవాళ్లంతా వచ్చారు. అందరికంటే ముందు భూదవ్వ కొంగు అందుకుంది, రెండు వేళ్ల మధ్య రాసింది.

"మంచిగున్నది లచ్చవ్వా. అసలు పట్టేనా?"

మా ఆవిడ నన్ను చూసింది. అక్క నిమ్మళంగా కొంగు తీసుకుని, ఆ ఆవగింజంత మచ్చను వెతికి పైకి పట్టుకుంది.

"మా తమ్ముడు ఊకనే కొంటడా? షోరూంల అందరి ముంగట పోగు గుంజి, అగ్గివెట్టి సూసినంకనే కొన్నడు. ఇగో, కాలిన జాగ."

అందులో ఒక్క అబద్ధం లేదు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మచ్చను ముట్టుకుని చూశారు. "సిరిసిల్లోడాయె మరి!" అన్నారెవరో. అక్క నా వైపు చూడలేదు, తల మాత్రం ఎత్తుకుని కూర్చుంది. నేను నేల చూపులు చూస్తుంటే వాళ్లు దాన్ని అణకువ అనుకున్నారు.

కథ ఇక్కడ అయిపోయిందనుకున్నాను. భూదవ్వ చప్పుడు చేయకుండా లేచి పక్క వాకిట్లోకి పోయి, కవరులో నుంచి తన పట్టుచీర తీసుకొచ్చింది. దాన్ని నా ఒళ్లో పెట్టి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"తమ్మీ, మా అన్న తెచ్చింది. ఇది గూడ జర సూడవా?"

ఆమె గొంతులో బెదురుంది. నెల రోజులుగా ఆ బెదురును ఆమె కూడా మోస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. చీర అంచు వేళ్ల మధ్యకు తీసుకున్నాను. చేత పట్టగానే తెలిసింది. తలెత్తితే అక్క నన్నే చూస్తోంది.

"అగ్గిపెట్టె జగిత్యాలల్నే మర్చిపోయిన అక్కా," అన్నాను భూదవ్వతో. "అయినా దీనికి అగ్గిపెట్టె అక్కర్లేదు. మీ అన్న మంచి చీర తెచ్చిండు."

అది పట్టో కాదో ఇక్కడ రాయను. భూదవ్వ చీర మడిచి గుండెలకు పెట్టుకుంది. భోజనాలప్పుడు అక్క నా కంచంలో ఇంకో సర్వపిండి వేసింది, ఈసారి మా ఇంట్లోలా మందంగా చేసింది.